కృష్ణ దిబ్బ మీద రివర్ టర్న్‌లు: ఒక వేసవి పని డైరీ

గద్వాలలో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, ఒడుగులు, గృహప్రవేశాలు తీస్తాను. పోయిన చలికాలంలో బీచుపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున ఒక కొత్త జంటకు ఫొటోలు తీస్తుండగా, తెల్లటి పిట్ట ఒకటి వాళ్ల వెనక నిలువునా నీళ్లలో పడి, ముక్కున చిన్న పరిగె చేపతో పైకి లేచింది. అది రివర్ టర్న్ అనే నది పక్షి. ఆ ఒక్క ఫ్రేము మసకగా వచ్చింది. ఇంటికి వెళ్లాక పెళ్లి ఫొటోలన్నీ పక్కన పెట్టి ఆ మసక ఫొటోనే చూస్తూ కూర్చున్నాను.

ఈ వేసవికి మూడు ఫొటోలు కావాలని నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను. పక్షి నీళ్లలోకి దూకే క్షణం ఒకటి. గుడ్ల మీద కూర్చున్నది ఒకటి. పిల్లకు చేప అందించేది ఒకటి. గద్వాల, వనపర్తి జిల్లాల మధ్య పారే కృష్ణలో ఒక ఇసుక దిబ్బ మీద ఈ పని చేశాను. దిబ్బ ఎక్కడుందో ఇంతకంటే చెప్పను. గూళ్లు పెట్టే చోటు పదిమందికి తెలిస్తే పదిమందీ వస్తారు.

మార్చి 8

ఉదయం ఆరున్నర. ముందు ఎవరు ఎవరో తేల్చుకోవాలి. దూరం నుంచి అన్నీ తెల్లగా, సన్నగా, కోసుగా ఉంటాయి. రెండు గంటలు చూశాక మూడు రకాలని తేలింది.

రివర్ టర్న్ అన్నిటికంటే నిండుగా ఉంటుంది. ముక్కు నుంచి తోక దాకా 40 సెంటీమీటర్ల చుట్టూ. ముక్కు ముదురు పసుపు, కాళ్లు ఎరుపు. ఈ కాలంలో నుదుటి నుంచి మెడ దాకా నల్ల టోపీ. తోక కత్తెరలా లోతుగా చీలి ఉంటుంది. గల్ బిల్డ్ టర్న్ ముక్కు నలుపు, మొద్దు. విస్కర్డ్ టర్న్ చిన్నది, తోక పొట్టి. నీళ్లలోకి దూకడానికి బదులు పైపైన వంగి పురుగునో చేపపిల్లనో ఏరుకుంటుంది. ఈ చివరి రెండూ చలికాలపు అతిథులు, ఎండలు ముదిరేసరికి ఉత్తరానికి వెళ్లిపోతాయి. ఇక్కడే ఉండి పిల్లల్ని పెంచేది రివర్ టర్నే. నారింజ ముక్కు, నల్లని పొట్ట ఉండే బ్లాక్ బెల్లీడ్ టర్న్ ఒకప్పుడు మన నదులన్నిటిలో మామూలుగా కనిపించే పక్షి. దాని కోసం కళ్లు కాయలు కాచేలా చూశాను. కనిపించలేదు.

పుట్టి అనే గుండ్రటి పడవ నడిపే పెద్దయ్యతో ఈ రోజే పరిచయం. నలభై ఏళ్లుగా ఈ నీళ్ల మీదే వల వేస్తున్నాడు. "ఇవి ఎక్కడ గుమిగూడి దూకుతాయో అక్కడే మా వల సారూ" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆయన నాకు గురువయ్యాడు.

దిబ్బ మీద ఒక మగ పక్షి చేపను ముక్కున అడ్డంగా పట్టుకుని ఆడదాని చుట్టూ తిరిగింది. అది తీసుకోలేదు. మరో పది నిమిషాలకు ఇంకో చేప తెచ్చింది. తీసుకుంది.

మార్చి 24

ఈ రోజు జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను, ఎందుకంటే తర్వాత చేసిన పని అంతా దీని నుంచే వచ్చింది.

గూళ్లు పెట్టాయో లేదో చూద్దామని ఉదయం ఎనిమిదిన్నరకు పుట్టిలో దిబ్బ దగ్గరికి వెళ్లాను. పెద్దయ్య వద్దన్నాడు. నేను దిగాను. నాలుగు అడుగులు వేశానో లేదో గుంపంతా ఒక్కసారి లేచింది. కీచుమని అరుస్తూ తల మీదికి దూసుకొచ్చాయి. "కదలకండి సారూ, కాలి దగ్గర చూడండి" అని పెద్దయ్య అరిచాడు. నా కుడి కాలికి జానెడు దూరంలో మూడు గుడ్లు. పుల్ల లేదు, గడ్డి లేదు. ఇసుకలో అరచేయంత గుంట, అందులో బూడిద రంగు మీద గోధుమ మచ్చల గుడ్లు. గులకరాళ్ల మధ్య అవీ గులకరాళ్లే. ఇంకో అడుగు వేసి ఉంటే తొక్కేవాణ్ణి.

వచ్చిన అడుగుజాడల్లోనే వెనక్కి నడిచాను. పుట్టి ఒడ్డుకు చేరాక గడియారం చూశాను. మొదటి పక్షి గుడ్ల మీదికి తిరిగి రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది.

ఇంటికి వచ్చాక ఆ పదకొండు నిమిషాలు నన్ను వదల్లేదు. కోడిగుడ్లు పొదిగే యంత్రం 37.5 డిగ్రీల దగ్గర నడుస్తుంది, దాని మీద రెండు మూడు డిగ్రీలు పెరిగినా లోపలి పిల్లకు గండమే. తర్వాత ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఒడ్డు ఇసుకలో థర్మామీటరు గుచ్చితే 51 చూపింది. చాలా పక్షులు గుడ్లను వెచ్చగా ఉంచడానికి కూర్చుంటే, పగలు ఇవి ఎండ తగలకుండా కూర్చుంటాయి. నేను వాటిని లేపితే గుడ్ల మీద గొడుగు తీసేసినట్టే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గూళ్లను, గుడ్లను పాడుచేయడాన్ని వేటతో సమానంగా చూస్తుంది. ఎందుకు చూస్తుందో ఆ రోజు అర్థమైంది.

నోటుబుక్కులో రాసుకున్న నియమాలు: దిబ్బ మీద మళ్లీ కాలు పెట్టను. పెళ్లిళ్లకు వాడే డ్రోను నది దగ్గరికి తీసుకురాను. నా వల్ల ఒక్క పక్షి లేచినా, అది తిరిగి కూర్చునే దాకా సెకన్లు లెక్కపెట్టి రాస్తాను. ఆ లెక్క అరనిమిషం దాటితే ఆ రోజు పని ఆపేస్తాను.

మార్చి 26 నుంచి 31 దాకా: మాటు కట్టడం

దిబ్బకు, మా ఒడ్డుకు మధ్య నీటి పాయ ఉంది. ఒడ్డున నల్లటి బండలు. అక్కడ మాటు వేసుకుని కూర్చోవాలి.

మొదట పుట్టినే మాటుగా మారుద్దామనుకున్నాను. పుట్టి గుండ్రంగా ఉంటుంది, చిన్న గాలికే గిర్రున తిరుగుతుంది. రెండు వైపులా రాళ్లు కట్టి లంగరు వేసినా ఊగడం ఆగలేదు. అంత పొడవు లెన్సుతో పక్షి ఫ్రేములో నిలవదు. ఒక పూటలో ఆ ఆలోచన వదిలేశాం.

ఒడ్డు మాటు ఇలా కట్టాం. నాలుగడుగుల చదరం, నాలుగడుగుల ఎత్తు, వెదురు బద్దల చట్రం. దాని మీద పాత గోనె సంచులు విప్పి, దబ్బనంతో పురికొస కుట్టు. కుట్టింది మా ఇంటావిడ, నా కుట్టు చూసి పక్కకు జరగమని. గోనె కొత్తగా పచ్చగా కనిపిస్తుంది కాబట్టి ఒండ్రు మట్టి కలిపిన నీళ్లలో రెండు రాత్రులు నానబెట్టి ఎండబెట్టాం. బండ రంగుకు దగ్గరగా వచ్చింది.

నిలబెట్టిన మొదటి ఉదయమే తప్పు బయటపడింది. గాలికి గోనె అంచు టపటపా కొట్టుకుంది. గుడ్డ కదలికకు కూడా పక్షులు బెదురుతాయి. కింది అంచు పొడవునా గులకరాళ్లు మూటలు కట్టి వేలాడదీశాక అది ఆగింది. లెన్సు దూరే కన్నం ఇంకో చిక్కు. కన్నం పెద్దదైతే లోపల నా చేయి కదలడం కనిపిస్తుంది, చిన్నదైతే లెన్సు తిరగదు. పాత ప్యాంటు కాలు ఒకటి కోసి, తొడుగులా కన్నానికి కుట్టి, అందులోంచి లెన్సు పెట్టాను. ఈ చిన్న పనే అన్నిటికంటే ఎక్కువ అక్కరకు వచ్చింది. కెమెరా కింద జొన్నలు నింపిన సంచి. ట్రైపాడ్ వాడితే ఎత్తు పెరిగి పక్షిని పైనుంచి చూసినట్టు వస్తుంది. సంచి మీద పెడితే దాని కంటికి నా కన్ను సమానం.

మాటును ఒకేసారి దగ్గరగా పెట్టలేదు. మొదట 150 మీటర్ల దూరాన. ఒకటి రెండు రోజులకోసారి చీకట్లో పది, పదిహేను మీటర్లు ముందుకు.

ఏప్రిల్ 9

చివరికి నిలిచిన దూరం: దగ్గరి గూటికి 65 మీటర్లు. 55కు జరిపిన రోజు ఒక పక్షి లేచింది, 40 సెకన్లు. ఆ రాత్రే వెనక్కి జరిపాం. 600 మిల్లీమీటర్ల లెన్సుకు నా కెమెరాలో 65 మీటర్ల దగ్గర ఫ్రేము వెడల్పు సుమారు రెండున్నర మీటర్లు. పక్షి అందులో ఆరో వంతు. తర్వాత కత్తిరించుకోవచ్చు. నిండా పక్షే ఉండాలన్న ఆశ వదులుకున్నాను. చుట్టూ ఇసుక, నీరు, పొరుగు గూళ్లు ఉంటేనే అది ఎక్కడ బతుకుతోందో తెలుస్తుంది.

మాటులోకి వెళ్లే పద్ధతి: ఐదింటిలోపు, చీకట్లో, నేనూ తమ్ముడూ ఇద్దరం వెళ్తాం. నేను లోపల కూర్చుంటాను. వాడు తెల్లారేసరికి అందరికీ కనిపించేలా నడిచి వెళ్లిపోతాడు. వచ్చిన మనిషి పోయాడని పక్షులు స్థిమితపడతాయి, ఎంతమంది వచ్చారో లెక్కపెట్టవు. తొమ్మిదిన్నరకు వాడే వచ్చి నన్ను తీసుకెళ్తాడు. ముందుగా పసిగట్టేది మాత్రం టర్న్‌లు కావు, తీతువు. తీతువు అరవకపోతే ఆ ఉదయం నాది.

ఏప్రిల్ 11

నాలుగు ఉదయాలకు 900 ఫొటోలు, ఉంచుకున్నవి ఏడు.

మొదటి సమస్య కన్ను. రివర్ టర్న్ కన్ను నలుపు, చుట్టూ టోపీ నలుపు. కన్ను కనిపించకపోతే పక్షికి ప్రాణం లేనట్టే ఉంటుంది. సూర్యుడు బాగా కిందుగా, నా వీపు వెనక ఉన్నప్పుడే ఆ నలుపులో చిన్న మెరుపు చుక్క పడుతుంది. ఉదయం ఏడున్నర దాటితే ఆ చుక్క పోతుంది.

రెండోది తెలుపు. పెళ్లికొడుకు పంచె మీద ఎండ పడితే మడతలు మాయమై తెల్ల కాగితంలా వస్తుందే, రెక్కలు అచ్చంగా అలాగే వచ్చాయి. కెమెరా తనంతట తాను లెక్క వేస్తే మెరిసే నీళ్లనూ నల్ల టోపీనీ చూసి తడబడుతుంది. అందుకని అన్నీ నేనే పెట్టుకున్నాను: ఉదయం ఏడుకు షట్టరు వేగం సెకనులో 2500వ వంతు, లెన్సు రంధ్రం ఎఫ్ 7.1, వెలుగును పట్టే సున్నితత్వం ఐఎస్‌ఓ 800. వీపు మీది బూడిద రంగు సరిగా వస్తే చాలు, పొట్ట తెలుపు దానంతటదే నిలుస్తుంది. ఇరవై ఏళ్ల పెళ్లి ఫొటోలు నేర్పిన విద్య ఇక్కడ కలిసొచ్చింది.

మూడోదానికి మందు లేదు. తొమ్మిది దాటితే ఇసుక మీది గాలి మరుగుతుంది. లెన్సులో పక్షి అంచులు నీళ్లలో నీడలా వంకర్లు పోతాయి. ఎంత ఖరీదైన లెన్సయినా అంతే. దూరం తగ్గించడం ఒక్కటే దారి, అది నేను చేయను. కాబట్టి తొమ్మిది తర్వాత కెమెరా పక్కన పెట్టి నోటుబుక్కు తీస్తాను.

ఏప్రిల్ 13

ఐజలో పెళ్లి. వెళ్లలేదు.

ఏప్రిల్ 15

కెమెరా పక్కన పెట్టిన సమయంలోనే ఈ వేసవిలో గొప్ప దృశ్యం చూశాను.

తొమ్మిదీ నలభై. ఒక పక్షి గుడ్ల మీద నుంచి లేచింది. నా వల్లేనేమోనని లెక్క మొదలుపెట్టాను. అది పాయ మీదికి వచ్చి, రెక్కలు పైకెత్తి, పొట్టను నీళ్లకు ఆనించి, గీత గీసినట్టు సాగింది. చేప పట్టలేదు. ఇంకోసారి, మూడోసారి అలాగే. తర్వాత నేరుగా గూటికి వెళ్లి, తడి పొట్ట ఈకలు విదల్చకుండా గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది. పద్దెనిమిది సెకన్లు. తడి గుడ్డ కప్పి కుండను చల్లబరిచే విద్య దీనికి ఎవరు చెప్పారు!

పదిన్నర లోపు ఐదు గూళ్ల నుంచి పదమూడుసార్లు ఇలా వచ్చాయి. తమ్ముడు వచ్చి గోనె అంచు తట్టినా నేను బయటికి రాలేదు. "అన్నా, వడదెబ్బ తగులుతుంది" అని కోప్పడ్డాడు.

నా మూడు ఫొటోల జాబితాలో ఇది లేదు. ఈ రోజు చేర్చాను.

ఏప్రిల్ 17 నుంచి 20 దాకా

మరిగే గాలిలో ఈ ఫొటో రాదని తెలుసు. కానీ పక్షి పొట్ట తడుపుకునేది పాయ నడుమ, నాకు 30 మీటర్ల దూరంలోనే. పైగా నీళ్ల మీద గాలి ఇసుక మీద మరిగినంత మరగదు. గూటిని వదిలేసి పాయ మీదే గురి పెట్టాను. మూడు రోజులు కష్టపడ్డాక 19న వచ్చింది: రెక్కలు రెండూ నిలువునా, పొట్ట నీళ్లలో, వెనక తెల్లటి చాలు. తల పైనుంచి ఎండ, కంట్లో మెరుపు లేదు. అయినా ఉంచుకున్నాను. పెద్దయ్యకు ఫోనులో చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. "ఇన్నేళ్లూ ఇవి స్నానం చేస్తున్నాయనుకున్నాను" అన్నాడు.

17న మొదటి పిల్లలు కనిపించాయి. ఇసుక రంగు నూగు, మీద ముదురు చుక్కలు. గుడ్డు పగిలి బయటికి వచ్చి రెండు రోజులు కాకముందే నడుస్తున్నాయి. గద్ద నీడ పడగానే ఎక్కడివక్కడ నేలకు అతుక్కుంటాయి. లెన్సులో పిల్లను చూస్తూ చూస్తూనే పోగొట్టుకున్నాను. అది కదల్లేదు, నా కళ్లకే ఇసుకైపోయింది.

ఏప్రిల్ 24

నీళ్లు తగ్గి పాయ పై చివర మోకాలి లోతైంది. రాత్రి కుక్కలు దాటాయి. తెల్లారి లెన్సులో చూస్తే రెండు గూళ్లు ఖాళీ, చుట్టూ పంజాల గుర్తులు.

నదిలో పుచ్చపాదులు పెట్టిన రైతు అక్కడే గుడిసెలో ఉంటున్నాడు. వెళ్లి ఉన్నది చెప్పాను. తన కుక్కను రాత్రిళ్లు కట్టేస్తానన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఊరకుక్కల కోసం నేనూ పెద్దయ్యా తమ్ముడూ ఆ మోకాలి లోతు దారికి అడ్డంగా సర్కారు తుమ్మ కంప పరిచాం. దిబ్బకు దూరంగానే, మధ్యాహ్నం కాకుండా, సాయంత్రం చల్లబడ్డాక. చేతులు గీరుకుపోయాయి. పది రోజులకోసారి కొత్త కంప వేయాల్సి వచ్చింది. మళ్లీ కుక్కలు దాటలేదు.

మే 2

దూకే ఫొటో ఉదయాల్లో ఎందుకు రావడం లేదో ఇన్నాళ్లకు తెలిసింది. టర్న్ గాలికి ఎదురుగా నిలబడి, రెక్కలాడిస్తూ, ముక్కు కిందికి దించి చేపను వెతుకుతుంది. ఈ నెలలో ఇక్కడ గాలి పడమటిది. ఉదయం సూర్యుణ్ణి వెనక పెట్టుకుని నేను పడమరకు చూస్తే, పక్షీ పడమరకే చూస్తుంది. నాకు దక్కేది తోక. సాయంత్రం అయితే సూర్యుడూ గాలీ రెండూ పడమటి నుంచే. నేను పడమటి ఒడ్డున కూర్చుంటే పక్షి నా వైపు ముఖం పెట్టి నిలబడుతుంది. రెండు నెలలు ఈ చిన్న లెక్క తట్టలేదు.

గూళ్లకు కిలోమీటరు అవతల, అవి వేటాడే మడుగు దగ్గర సాయంత్రం ఐదుకు కూర్చున్నాను. మాటు అక్కర్లేదు, బండకు ఆనుకుని కదలకుండా ఉంటే చాలు. షట్టరు వేగం సెకనులో 3200వ వంతు. ఐదు మీటర్ల ఎత్తు నుంచి పడడానికి పట్టేది ఒక సెకను. రెక్కలు ముడిచాక మీట నొక్కితే ఆలస్యమే. ముక్కు నిలువుగా కిందికి తిరగడమే సంకేతం. అప్పుడే నొక్కాలి. 41 దూకుళ్లు చూశాను, పన్నెండింటికి చేప దొరికింది. నాకు దొరికినవి రెండు: ముక్కు కొన నీటిని తాకిన క్షణం, చేపతో పైకి వచ్చి నీళ్లు విదిల్చుకునే క్షణం. రెండో దాంట్లో కన్ను మెరుస్తోంది.

మే 6

రాత్రి నది పెరిగింది. వేసవిలో కింది ఊళ్లకు తాగునీళ్లు వదిలినప్పుడల్లా ఇలా పెరుగుతుందని పెద్దయ్య అన్నాడు. మనుషుల దాహం కూడా దాహమే. కానీ ఈ ఉదయం చూసింది రాయాలి.

ఒడ్డు నుంచి లెక్కపెట్టిన గూళ్లు మొత్తం 17. కుక్కలు పోగా 15. దిబ్బ కింది వైపు, ఆలస్యంగా పెట్టిన గూళ్లు తొమ్మిది. ఐదున్నరకు వాటిలో నాలుగు నీళ్లలో ఉన్నాయి. మిగతా ఐదూ ఎనిమిదిలోపు పోయాయి. ఒక పక్షి నీళ్లు పొట్టకు తగిలే దాకా కూర్చుంది. తర్వాత లేచి, అదే చోట గాలిలో నిలబడి, మళ్లీ దిగబోయి, లేచింది. చాలాసేపు అలాగే. కెమెరా నా చేతిలో ఉంది. తీయలేదు.

నీళ్లు పెరుగుతుండగానే పెద్దయ్య అడిగాడు, "పుట్టిలో పోయి గుడ్లు పైకి జరుపుదామా సారూ?" నేనూ అదే అనుకుంటున్నాను. వద్దన్నాను. అవి గుడ్డును బట్టి కంటే చోటును బట్టి కూర్చుంటాయి, వేరే చోట పెట్టిన గుడ్లను వదిలేసే ప్రమాదం ఎక్కువ. మేం దిగితే పై గూళ్లలో పిల్లలున్న ఆరు జంటలూ లేస్తాయి. చెదిరిన పిల్లలు నీళ్లలోకి పరుగెడతాయి. ఇదంతా సరైనదే. అయినా ఆ రోజు అన్నం సహించలేదు.

మే 15

నీళ్లు తీశాయి. కింది వైపు మూడు జంటలు మళ్లీ ఇసుకలో గుంటలు చేస్తున్నాయి. మగవి చేపలు మోస్తున్నాయి, మార్చిలో లాగే. ఈసారి దిబ్బ నడుమకు, కొంచెం ఎత్తుకు జరిగాయి.

పిల్లకు చేప అందించే ఫొటో ఈ రోజు వచ్చింది. తల్లో తండ్రో తెలియదు, ఆడ మగ ఒకేలా ఉంటాయి. పిల్ల తల కంటే ఆ చేపే పొడవుగా ఉంది. పిల్ల దాన్ని తల వైపు నుంచి మింగడానికి మూడుసార్లు తిప్పుకుంది. చివరకు తోక బయటికి వేలాడుతుండగానే నడిచి నీడలోకి వెళ్లింది. ఆ నీడ ఏమిటంటే పెద్దపక్షి నిలబడి చాచిన రెక్క.

జూన్ 8

మృగశిర. గద్వాల బజారులో తెల్లారకముందే చేపల బుట్టలు దిగాయి. మా ఇంట్లోనూ చేపల పులుసే. సాయంత్రం నదికి వెళ్లాను.

పై గూళ్ల నుంచి ఎగిరిన పిల్లలు ఎనిమిది. వీపు మీద గోధుమ రంగు పొలుసులు, ముక్కు కొన ఇంకా నల్లగా ఉంది. పెద్దవాటి వెంట పడి అరుస్తున్నాయి. రెండోసారి పెట్టిన మూడు గూళ్లలో ఒకదాంట్లో నూగు పిల్లలు, రెండింట్లో ఇంకా పొదుగుతున్నాయి. కంప కొత్తది వేశాం. వానలు ముదిరి నది నిండేలోపు వాటికి ఇంకో నాలుగు వారాలు కావాలి.

మాటు విప్పేశాను. గోనె మడిచి అటక మీద పెట్టాలి, వెదురు పుచ్చపాదుల రైతు అడిగాడు, ఇచ్చేశాను. జొన్నల సంచి భుజాన వేసుకుని నడుస్తుంటే పెద్దయ్య చేయి పట్టి ఆపాడు. ఒడ్డున బోర్లించిన పుట్టి మీద పిల్ల టర్న్ ఒకటి వాలి ఉంది. లేచి మడుగు మీదికి వెళ్లి, గాలికి ఎదురు తిరిగి, ముక్కు కిందికి దించి, పడింది. ముక్కున ఎండు తుమ్మాకు రెమ్మ. దాన్ని వదిలేసి మళ్లీ పైకి లేచింది. పెద్దయ్య పుట్టి తిప్పకుండా అక్కడే కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఆరోసారి పరిగె దొరికింది.